గుర్రం మీది మనిషికి కుట్టిన అంగీ: మంగోలుల దేల్ గురించి

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ బల్ల మీద పరిచిన వస్త్రాన్ని మీరందరూ ఇందాకటి నుంచి చూస్తూనే ఉన్నారు. పైన ముదురు నీలం పట్టు, లోపల తెల్లని గొర్రెపిల్ల తోలు. పక్కన మడత పెట్టి ఉన్న పసుపుపచ్చని బట్ట దీని నడికట్టు. మంగోలులు ఈ అంగీని ‘దేల్’ అంటారు. కొన్నేళ్ళ కిందట ఉలాన్‌బాతర్ నగరంలో నరాన్ తూల్ అనే పెద్ద సంతలో దీన్ని కుట్టించుకున్నాను. కొలతలు తీసుకున్న దర్జీ ఒక నడివయసు స్త్రీ. నన్ను నిలబెట్టి భుజాలు, చేతులు, ఛాతీ కొలిచింది. అంతటితో అయిపోయిందనుకుంటే, ఒక ఎత్తుపీట చూపించి, కాళ్ళు చెరోపక్కకు వేసి దాని మీద కూర్చోమంది. అలా కూర్చున్నాక నడుము నుంచి మోకాలి కిందికి మరోసారి టేపు పట్టింది. నాకు గుర్రపుస్వారీ రాదనీ, నేర్చుకునే వయసు కూడా దాటిపోయిందనీ దుబాసీ చేత చెప్పించాను. ఆమె నవ్వింది గాని, టేపు తీయలేదు.

ఆ పీట గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మంగోలుల సంప్రదాయ దుస్తుల గురించి రాసేవారు ఎక్కువగా రంగుల గురించీ, వెండి నగల గురించీ, వింత టోపీల గురించీ రాస్తారు. అవన్నీ చూడముచ్చటైనవే, కాదనను. అయితే ఈ దుస్తు అర్థం కావాలంటే ముందు దీన్ని తొడుక్కున్న మనిషిని గుర్రం మీద, గాలికి ఎదురుగా, శీతకాలంలో ఊహించుకోవాలి. ప్రపంచంలోని దేశ రాజధానులన్నిటిలోకీ అతి చలి నగరం ఉలాన్‌బాతర్. జనవరి రాత్రుల్లో సున్నాకు ముప్పై డిగ్రీల దిగువకు పడిపోవడం అక్కడ వార్త కాదు. అలాంటి చోట చెట్టు చాటు లేని మైదానంలో రోజంతా జీను మీద గడిపే పశుపాలకుడికి కావలసిన వస్త్రం ఎలా ఉండాలో, దేల్ సరిగ్గా అలాగే ఉంటుంది.

కత్తిరింపు చూడండి. దీని ఎడమ చెక్క మొత్తం రొమ్ము మీదుగా కుడివైపుకు వచ్చి, కుడి చెక్కను పూర్తిగా కప్పేస్తుంది. గుండీలు మెడ దగ్గర మొదలై, కుడి రొమ్ము మీదుగా చంక కిందికి దిగి, అక్కడి నుంచి పక్కనే కిందికి సాగుతాయి. అంటే ఎదురుగాలి తగిలే చోట, ఛాతీ మధ్యలో, ఎక్కడా సందు లేదు. పైగా ఛాతీ మీద రెండు పొరలు పడ్డాయి. ఈ పై చెక్క అంచును ‘ఎంగెర్’ అంటారు. దాని వెంబడి కుట్టిన ఈ సన్నని రంగు పట్టీ చూడడానికి అలంకారమే అయినా, ఎక్కువగా ఒరిసిపోయే అంచును కాపాడేది కూడా అదే. గుండీలు పట్టుతాడును ముడి వేసి చేసినవి, కాజాలు కూడా ఆ తాడు మెలికలే. వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు చిన్న బొత్తాం కన్నా ఈ లావుపాటి ముడిని ఎక్కించడం సులువని వారు నాకు చెప్పారు, నేను చేసి చూశాను కూడా.

చేతులు చాపితే ఈ చేతిపట్టీలు నా వేళ్ళ కొసలు దాటి వస్తాయి. కుట్టడంలో పొరపాటని మొదట అనుకున్నాను. పగ్గాలు పట్టుకున్నప్పుడు చేతుల మీదికి జారిపడి, వేడిగా కాపాడడానికే ఆ పొడవు. పనిలో ఉన్నప్పుడు పైకి మడుచుకుంటారు. కొన్ని పాత దేళ్ళలో ఈ పట్టీ గుర్రం డెక్క ఆకారంలో ఉంటుంది. మంచూ పాలకుల కాలంలో బలపడిన పద్ధతి అది. ఇక నడుము కింది భాగం. ఇది అంత వెడల్పుగా ఎందుకుందో నిలబడి ఉన్నప్పుడు తెలియదు. గుర్రం ఎక్కి కూర్చున్నప్పుడు రెండు తొడలనూ, మోకాళ్ళనూ కప్పుకుంటూ కిందికి జారాలి. దర్జీ ఆ పీట మీద కొలిచింది దీన్నే. ఇదే వెడల్పు మరో అవసరానికీ పనికొస్తుంది. చాటు లేని మైదానంలో కాలకృత్యాలకు వెళ్ళినవారికి, ఆడవారికైనా మగవారికైనా, చుట్టూ ఉన్న గోడ ఈ అంగీయే. రాత్రి పడుకున్నప్పుడు కప్పుకునేదీ ఇదే.

గుర్రం పెంచిన జాతులు ఈ రకం దుస్తును, అంటే కుట్టిన చేతులు, ముందు తెరుచుకునే పొడవాటి అంగీ, కాళ్ళకు తొడుగు, తమ వెంట చాలా దూరం మోసుకుపోయాయి. మన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శిల్పాల్లో ఒక శక యోధుడు ఉన్నాడు. చుట్టూ ఉన్న బొమ్మలన్నీ పలుచని ధోవతులు కట్టుకుని ఉంటే, ఆయన ఒక్కడూ కృష్ణాతీరపు ఉక్కలో అంగీ, కాలితొడుగులతో బిగుసుకుని నిలబడి ఉంటాడు. ఆయన మంగోలు కాడు, వారికన్నా వెయ్యేళ్ళ ముందువాడు. కానీ ఆ దుస్తు బంధువర్గం మాత్రం ఒకటే. మంగోలియాలోనే నొయిన్ ఉల కొండల్లో, 1924, 1925 సంవత్సరాల్లో, కొజ్లోవ్ అనే రష్యా యాత్రికుడి బృందం రెండు వేల ఏళ్ళ నాటి హూణ ప్రభువుల సమాధులు తవ్వినప్పుడు, ఆ చలికి చెడిపోకుండా మిగిలిన పట్టు అంగీలు, కాలితొడుగులు దొరికాయి.

అంగీ ఏ పక్కకు మూసుకుంటుందనేది మనకు చిన్న విషయం, వారికి కాదు. ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ పంపగా 1253లో బయలుదేరి మంగోలు చక్రవర్తి మోంగ్కె ఖాన్ కొలువు దాకా వెళ్ళిన రుబ్రుక్ విలియం అనే క్రైస్తవ సన్యాసి, తురుష్కులు అంగీని ఎడమ పక్కన ముడి వేసుకుంటారనీ, తాతార్లు, అంటే మంగోలులు, ఎప్పుడూ కుడి పక్కనే వేసుకుంటారనీ రాసిపెట్టాడు. దూరం నుంచి వచ్చే రౌతు మనవాడా పరాయివాడా అని తేల్చుకోవడానికి ముడి ఏ పక్కనుందో చూస్తే చాలు. మొగలుల కాలంలో మన దేశంలో కూడా జామా ముడిని హిందువులు ఒక పక్కకు, ముస్లింలు మరో పక్కకు వేసుకునేవారన్నది గుర్తుకు తెచ్చుకుంటే ఈ సంగతి అంత వింతగా అనిపించదు.

ఇప్పుడు నడికట్టు. మంగోలు భాషలో ‘బుస్’. నా దగ్గరున్నది నాలుగున్నర మీటర్ల పట్టుగుడ్డ. దీన్ని చుట్టలు చుట్టలుగా గట్టిగా బిగిస్తే, గంటల తరబడి గుర్రం కుదుపుకు నడుము, పొట్ట అదరకుండా ఉంటాయి. మగవారు కాస్త కిందికి, తుంటి మీద కడతారు, పైనున్న బట్టను కొద్దిగా లాగి వదులు చేస్తారు. ఆ వదులులో, రొమ్మునకూ నడికట్టుకూ మధ్య, ఒక సంచి తయారవుతుంది. దాని పేరు ‘ఓవొర్’. దేల్‌కు వేరే జేబు అక్కర్లేదు. టీ తాగే గిన్నె, రొట్టె, డబ్బు, చలికి వణికే గొర్రెపిల్ల కూడా అందులోకే వెళ్తాయి. మన రైతు పొగాకు కాడను రొండిన దోపుకున్నట్టే. నడికట్టుకు ఒక పక్కన ఒరలో కత్తి, మరో పక్కన చెకుముకి రాయి సంచి వేలాడేవి. నస్యం డబ్బాను పొడవాటి పట్టుసంచిలో పెట్టి నడికట్టులో దోపేవారు. ఆ డబ్బా ‘ఖోరొగ్’ను ఎదుటివారికి కుడిచేత్తో అందించి, వారిది అందుకుని, వాసన చూసి తిరిగి ఇచ్చుకోవడం ఇప్పటికీ పలకరింపులో భాగమే.

ఈ మాట దగ్గర భాష ఒక సంగతి బయటపెడుతుంది. ‘బుస్తై’ అంటే నడికట్టు ఉన్నవాడు, మగవాడు. ‘బుస్‌గుయ్’ అంటే నడికట్టు లేనిది, అంటే స్త్రీ. పెళ్ళయిన స్త్రీలు నడికట్టు లేకుండా దేల్ వేసుకునేవారు కాబట్టి పుట్టిన మాట ఇది. ఇప్పుడు ఆడవారంతా, పెళ్ళయినవారు కూడా, రంగురంగుల నడికట్లు కడుతున్నారు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది. నడికట్టు బిగించుకున్న అమ్మాయిని చూపించి ‘నడికట్టు లేనిది’ అనడంలో ఎవరికీ తేడా కనిపించదు.

నడికట్టుకు ఇంత విలువ ఎందుకో తెలియాలంటే పదమూడో శతాబ్దానికి చెందిన ‘మంగోలుల రహస్య చరిత్ర’ చూడాలి. చెంగిజ్ ఖాన్ వంశకథ అది. దాన్ని నేను రాజుల యుద్ధాల కోసం చదవడం మొదలుపెట్టి బట్టల కోసం పూర్తి చేశాను. ఇంకా తెముజిన్ అనే పేరుతో తిరుగుతున్న ఆ యువకుడికి బోర్తెతో పెళ్ళయినప్పుడు, అత్తవారు ఒక నల్ల సేబుల్ బొచ్చుకోటు కానుకగా పంపారు, అతని తల్లికి. సేబుల్ అంటే ముంగిసను పోలిన చలిదేశపు జంతువు, దాని బొచ్చు ఆ రోజుల్లో బంగారంతో సమానం. తెముజిన్ దాన్ని ఇంట్లో ఉంచలేదు. తూల్ నది ఒడ్డున ఉన్న కెరెయిట్ అనే తెగ నాయకుడు, తన తండ్రికి ఆప్తమిత్రుడైన తొఘ్రుల్ దగ్గరకు తీసుకుపోయి సమర్పించాడు. ఆయన సంతోషించి, చెదిరిపోయిన నీ జనాన్ని తిరిగి కూడగడతానని మాట ఇచ్చాడు. తర్వాత మెర్కిట్లు అనే శత్రు తెగవారు బోర్తెను ఎత్తుకుపోయినప్పుడు ఆ మాట ప్రకారమే సైన్యంతో వచ్చాడు. ఒక సామ్రాజ్యపు తొలి రాజనీతి ఒప్పందం ఒక కోటు మీద జరిగింది.

అదే మెర్కిట్ల దాడిలో తెముజిన్ బుర్ఖాన్ ఖల్దున్ కొండ మీద దాక్కుని ప్రాణాలతో బయటపడ్డాడు. శత్రువులు వెళ్ళిపోయాక కొండ దిగి, నడికట్టు విప్పి మెడలో వేసుకుని, టోపీ తీసి చేతికి తగిలించుకుని, గుండె మీద చేత్తో కొట్టుకుంటూ, సూర్యుడి వైపు తిరిగి తొమ్మిదిసార్లు మోకరిల్లాడు. మన దగ్గర పెద్దల ముందు ఉత్తరీయం తీసి నడుముకు చుట్టుకుంటే ఏ అర్థమో అక్కడ నడికట్టు విప్పితే ఆ అర్థం. నా బలం, నా అధికారం నీ ముందు లేవని ఒప్పుకోవడం. ఆ తర్వాత తెముజిన్, జమూఖా ఆప్తసోదరులుగా మళ్ళీ ప్రమాణం చేసుకున్నప్పుడు కూడా, మెర్కిట్ నాయకుల నుంచి దోచుకున్న బంగారు నడికట్లను ఒకరి నడుముకు మరొకరు కట్టారు. ఆ ఇద్దరూ తర్వాత శత్రువులయ్యారన్నది వేరే కథ.

ఇక్కడ మీలో నేతపని తెలిసినవారు ఒక ప్రశ్న అడగవచ్చు. అసలు ఈ బట్ట ఎవరిది? మంగోలుల వృత్తి పశువులు. వాటి నుంచి తోలు, బొచ్చు, ఉన్ని వస్తాయి. ఉన్నిని తడిపి, చుట్టి, గుర్రం చేత ఈడ్పించి మందపాటి దుప్పటంలా గట్టిపరచడం వారికి తెలుసు, వారి గుడారం ‘గెర్’ కప్పు దానితోనే చేస్తారు. ఏడాదికి నాలుగైదుసార్లు ఇల్లు విప్పి బండికెత్తే కుటుంబం మగ్గాన్ని మాత్రం వెంట తిప్పుకోలేదు. అందువల్ల దేల్ మీద మెరిసే పట్టు చైనా నుంచి వచ్చింది. మేలురకం బూట్లకు వాడే తోలును ‘బులిగార్’ అంటారు. వోల్గా నది బుల్గార్ల పేరు మీదుగా రష్యా వైపు నుంచి వచ్చిన మాట. గొర్రెలిచ్చి పట్టు తెచ్చుకోవడం, అది కుదరనప్పుడు దాడి చేసి తెచ్చుకోవడం, ఈ రెండిటి మధ్యే శతాబ్దాల సరిహద్దు చరిత్ర నడిచింది.

సామ్రాజ్యం వచ్చాక నేతగాళ్ళనే తెచ్చుకున్నారు. మధ్య ఆసియాలోని హెరాత్, సమర్‌కంద్ వంటి నగరాలను గెలిచినప్పుడు అక్కడి జరీ నేతగాళ్ళను తూర్పుకు తరలించారు. పట్టులో బంగారు పోగు కలిపి నేసే ‘నసీజ్’ అనే బట్ట వారి చేతుల్లోంచి వచ్చింది. యూరప్ చర్చీల్లోనూ రాజుల ఖజానాల్లోనూ ‘తాతార్ బట్ట’ అనే పేరుతో అది చేరింది. కుబ్లయ్ ఖాన్ తన అంగరక్షకులైన 12,000 మందికి, తలా 13 రంగుల చొప్పున, ఒక్కో పండుగ విందుకు ఒక్కో రంగు దుస్తు ఇచ్చాడని మార్కో పోలో లెక్క కట్టాడు. మొత్తం 1,56,000. మార్కో పోలో అంకెలు వినేటప్పుడు కాస్త తగ్గించుకుని వినడం మంచిది. అయినా ఒకే రంగు దుస్తులతో సభ అంతా నిండే ‘జిసూన్’ విందులు జరిగాయన్నదాంట్లో అనుమానం లేదు. బట్ట పరాయిదైనా కత్తిరింపు, కట్టు తమవి కావడం వల్ల ఈ దుస్తు మంగోలుగా నిలిచిందని నా అభిప్రాయం. నేడు నరాన్ తూల్ సంతలో అమ్మే పట్టు తానుల్లో ఎక్కువభాగం దక్షిణ సరిహద్దు దాటి వచ్చినవే.

కాలాన్ని బట్టి దేల్ మారుతుంది. వేసవికి పలుచని ‘తెర్లెగ్’, వసంతానికీ శరత్తుకూ మధ్యలో దూది పరచి కుట్టినది, శీతకాలానికి ఇదిగో ఇలా లోపల తోలుతో ఉన్న ‘నెహీ దేల్’. దీని మీద చేతుల్లేని పొట్టి ‘ఖంతాజ్’ తొడుక్కుంటారు. మరీ దారుణమైన చలిలో బొచ్చు బయటికి ఉండే ‘దఖ్’ అనే పై కోటు. రుబ్రుక్ కూడా శీతకాలంలో వారు రెండు బొచ్చు అంగీలు వేసుకుంటారనీ, ఒకదాని బొచ్చు ఒంటి వైపు, రెండోదాని బొచ్చు గాలీ మంచూ తగిలే వైపు ఉంటుందనీ గమనించాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఆ వర్ణనకూ నేను చూసినదానికీ తేడా లేదు.

బూట్లు, ‘గుతల్’. ముక్కు పైకి వంగి ఉంటుంది, అడుగు మందంగా, బిగుసుగా ఉంటుంది, పాత పద్ధతిలో కుడి ఎడమల తేడా ఉండదు. ముక్కు ఎందుకు వంగిందని ముగ్గురిని అడిగితే మూడు సమాధానాలు వచ్చాయి. భూమి తల్లిని గాయపరచకూడదని ఒకరు, రికాబులో పాదం నిలవడానికని ఒకరు, వేళ్ళ ముందు గాలి నిలిచి వెచ్చగా ఉంటుందని ఒకరు చెప్పారు. అన్నీ నమ్మదగినవే, నాకు రికాబు మాట ఎక్కువ నచ్చింది. లోపల మందపాటి ఉన్ని మేజోళ్ళు తొడుగుతారు. వాటి పై అంచు కుట్టుపనితో నిండి బూటు మీదికి కనిపిస్తుంది.

స్త్రీల దుస్తుల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పోగొట్టుకున్నది ఎక్కువ అక్కడే. సామ్రాజ్య కాలంలో ఉన్నత కుటుంబాల పెళ్ళయిన స్త్రీలు ‘బొగ్తగ్’ అనే ఎత్తైన శిరోభూషణం పెట్టుకునేవారు. చెట్టుబెరడు వంటి తేలికైన వస్తువుతో మూరెడు పైన నిలువుగా చేసి, పట్టు చుట్టి, కొసన ఈకలు గుచ్చేవారు. వారు గుంపుగా స్వారీ చేస్తుంటే, దూరం నుంచి శిరస్త్రాణాలు పెట్టి ఈటెలు నిలబెట్టుకుని వస్తున్న సైనికుల్లా కనిపించారని రుబ్రుక్ రాశాడు. తర్వాతి కాలపు ఖల్ఖా స్త్రీలు, అంటే నేటి మంగోలియాలో అధికసంఖ్యాకులైన తెగవారు, పెళ్ళయ్యాక జుట్టును నడినెత్తిన పాపిట తీసి, రెండు పక్కలా విస్తరించి, గట్టిపరచి, వెండి పట్టీలతో రెక్కల్లా నిలిపేవారు. నెత్తి మీద పగడాలు, మణులు పొదిగిన వెండి టోపీ. భుజాల దగ్గర దేల్ చేతులు పైకి ఉబికి ఉండేవి, దాని మీద చేతుల్లేని పొడవాటి ‘ఊజ్’. ఆ రెక్కలు ఖాన్ గారిద్ రెక్కలని వారంటారు. ఆ గారిద్ మన గరుత్మంతుడే, బౌద్ధం వెంట టిబెట్టు మీదుగా అక్కడికి చేరి, ఇప్పుడు ఉలాన్‌బాతర్ నగర చిహ్నంగా ఉన్నాడు. దేల్ పట్టు మీద అల్లికలా కనిపించే ఈ ‘ఉల్జీ’ ముడి కూడా అలాగే. ఇది అష్టమంగళాల్లోని శ్రీవత్సం. వైకుంఠుడి వక్షం మీద మనం చెప్పుకునే గుర్తును వారు రొమ్ము మీద నేయించుకుంటున్నారు.

1921 విప్లవం తర్వాత, ముఖ్యంగా 1930ల అణచివేతలో, ఈ రెక్కల జుట్టు, వెండి నిత్యజీవితం నుంచి తొలగిపోయాయి. ఇప్పుడు వాటిని చూడాలంటే ఉలాన్‌బాతర్ జాతీయ మ్యూజియంలో అద్దాల వెనక చూడాలి. అక్కడే ఇతర తెగల దుస్తులూ ఉన్నాయి. ఖల్ఖాల ఎంగెర్ గుండ్రంగా ఒంపు తిరిగితే, బురియాత్‌లది మెట్లుగా, రంగుల అడ్డపట్టీలతో ఉంటుంది. దరిగంగ ప్రాంతం వెండిపనికి పేరు. తెగలు ఇంకా చాలా ఉన్నాయి, సమయం లేదు కాబట్టి దాటవేస్తున్నాను.

దేల్ మాత్రం పోలేదు. సూట్లు, పాంట్లు పట్టణాల్లోకి వచ్చినా, పశువులున్న చోట దేల్‌కు ప్రత్యామ్నాయం దొరకలేదు. ‘త్సగాన్ సార్’ అనే కొత్త సంవత్సరపు పండుగకు కొత్త దేల్ కుట్టించుకోవడం మామూలు. జులై 11 నుంచి 13 వరకు జరిగే నాదమ్ క్రీడోత్సవంలో ఊరంతా దేళ్ళతో నిండుతుంది. 2010లో యునెస్కో గుర్తించిన ఆ పండుగలో మల్లయోధులు ‘జొదొగ్’ అనే, రొమ్ము పూర్తిగా తెరిచి ఉన్న పొట్టి చొక్కా వేసుకుంటారు. పూర్వం ఒక స్త్రీ మగవేషంలో వచ్చి అందరినీ ఓడించిందనీ, అప్పటి నుంచి రొమ్ము తెరిచి ఉంచారనీ కథ. మంగోలు మగవారు ఈ కథను తామే నవ్వుతూ చెబుతారు.

ఒక పొరపాటు ఒప్పుకుంటాను. త్సగాన్ సార్ రోజు ఒక పశుపాలకుల ఇంటికి అతిథిగా వెళ్ళాను. గెర్‌లో పొయ్యి వేడికి చెమట పట్టి, అలవాటు కొద్దీ చేతులు మోచేతుల దాకా మడుచుకుని, ఇంటి పెద్దాయనకు నమస్కరించడానికి ముందుకు వెళ్ళాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన మనవరాలు, పదేళ్ళ పిల్ల, గబగబా వచ్చి నా రెండు చేతుల మడతలూ విప్పి మణికట్టు దాకా లాగింది. చిన్నవారు అరచేతులు పైకి పెట్టి పెద్దవారి మోచేతుల కింద ఆనించి పట్టుకోవడం ఆ రోజు పలకరింపు. చేతులు మడుచుకున్నవాడు పనిలోనైనా ఉండాలి, కొట్లాటకైనా వచ్చి ఉండాలి. టోపీ మాత్రం తలమీదే ఉండాలి, మనలా తీయకూడదు. దాన్ని బోర్లించి పెట్టినా, దాటినా అపచారం. ‘మనిషికి అన్న ఉంటాడు, దేల్‌కు మెడపట్టీ ఉంటుంది’ అని వారి సామెత. మెడపట్టీ ఎప్పుడూ పైవైపు, గౌరవస్థానం వైపు ఉండాలి. అందుకే ఈ బల్ల మీద కూడా దీన్ని మెడపట్టీ ఆ గోడ వైపు ఉండేలా పరిచాను. ఇందాక ఒక కార్యకర్త ఫోటో కోసం తిప్పబోతే ఆపింది అందుకే, వారు మరోలా అనుకోవద్దు.

నా మాట ఇక్కడితో ఆపుతాను. చూడాలనుకున్నవారు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి దీన్ని తొడుక్కుని చూడవచ్చు, మన ఉక్కకు రెండు నిమిషాల కన్నా ఎక్కువ ఓర్చుకోలేరు. ఎడమ చెక్క పైకి రావాలి, గుండీలు కుడి పక్కన. నడికట్టు ఒక కొస ఎవరైనా గట్టిగా పట్టుకుని అక్కడ నిలబడితే, కట్టుకునేవారు తామే గిరగిరా తిరుగుతూ దగ్గరికి రావాలి. ఆ పీట కూడా తెప్పించాను.